బాగున్న ఓవెన్‌కి రిపేరు

1983లో మద్దిలపాలెంలో నాకు కరెంటు సామాన్లు బాగుచేసే కొట్టు ఉండేది. వచ్చేవి ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలే. ఓవెన్ ఎప్పుడో గానీ వచ్చేది కాదు. అందుకే అప్పలనరసమ్మ అదే ఓవెన్‌ని మూడోసారి మోసుకొచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. బాగున్న వస్తువుని పాడైందంటే అప్పట్లో నేను ఊరుకునేవాణ్ణి కాదు.

"దీనికి ఏ రోగమూ లేదమ్మా! ఎలిమెంట్, అదే వేడెక్కే తీగ, బాగుంది. థర్మోస్టాట్, అంటే వేడి చాలనగానే కరెంటు ఆపేది, అదీ బాగుంది. ఇంకేం చెయ్యమంటావు?" అని కసిరాను.

"మరి దుంప ముద్దయిపోతంది కదా బాబూ! మా ఆయన నోట్లో ఎట్టుకుని ఊసేత్తన్నాడు," అంటూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆమె భర్త సన్యాసిరావు ఓడల్లో వంటవాడు. గొంతులో క్యాన్సర్ పుండుకి ఆసుపత్రిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకున్నాక తిండి మానేశాడు. పుండు మానింది గానీ, తినకపోతే మనిషి దక్కడని డాక్టరు చెప్పేశాడట. ఆయన అడిగేది ఒక్కటే: ఓడలో కెప్టెన్‌కి మాంసం పక్కన తాను వడ్డించిన బేక్డ్ పొటాటో, అంటే తొక్కతోనే ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంప. అది కుదిరితే తింటానంటాడట.

నేను ఏ ఓవెన్‌నైనా పచ్చి బంగాళాదుంప పెట్టే పరీక్షించేవాణ్ణి. కింద మాడినా పైన కాలకపోయినా తెలిసిపోతుంది. ఈసారి ఆమె ఎదుటే ఒకటి పెట్టాను.

"అదేటి బాబూ, ఉడకెట్టకుండానే?" అంది.

దొరికింది దొంగ! మన ఇళ్ళల్లో బంగాళాదుంప అనగానే ముందు ఉడకబెట్టడమే కదా. ఈవిడా ఉడకబెట్టి ఓవెన్‌లో పెడుతోంది. ముందుగదిలో మంచం మీదున్న ఆయనకి వంటింటి సంగతి తెలియక ఓవెన్‌ని తిడుతున్నాడు.

"నీళ్ళు తాగిన దుంప ఇంకేం కాలుతుంది తల్లీ!" అన్నాను.

"ఓలమ్మో, నానెంత ఎర్రిదాన్ని!" అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఆ హుషారులో ఓవెన్ నేనే మోసుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

సన్యాసిరావు మంచం మీంచే చేతులతో చూపిస్తూ చేయించాడు. పెద్ద దుంపలు తోమి, తడి లేకుండా తుడిచి, ఫోర్కుతో పొడిచి, నూనె, కల్లుప్పు తొక్కకి పట్టించాం. గంటకి పైగా కాలనిచ్చాం. తొక్క పెళపెళలాడింది. పైన నిలువుగా, అడ్డంగా గాటు పెట్టి రెండు పక్కలా నొక్కితే తెల్లగా పొడిపొడిగా విచ్చుకుంది. అందులో వెన్న, మిరియాల పొడి, పైన గుడ్డలో కట్టి నీళ్ళు వార్చిన గడ్డపెరుగు, తరిగిన ఉల్లికాడ. అబ్బ, ఎంత దర్జాగా ఉందో!

ఆయన కళ్ళు మెరిశాయి. చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఉప్పు చల్లుకున్నాడు. మళ్ళీ చల్లుకున్నాడు. చెంచా కింద పెట్టేశాడు.

"బాగా కుదిరింది మేస్త్రీ," అన్నాడు. "నాకే మట్టి తింటన్నట్టుంది. ఇన్నాళ్ళూ ఓవెన్‌దే తప్పనుకున్నాను."

ఆసుపత్రిలో పెట్టిన కరెంటుకి ఆయన నాలుకకి రుచి పోయింది. దుంప చెడినన్నాళ్ళూ ఆయనకి తన నాలుక మీద ఆశ ఉంది. పనిగట్టుకుని వచ్చి ఆ దుంపని నేను బాగుచేశాను.

అప్పలనరసమ్మ ఓవెన్‌కి గుడ్డ చుట్టి, ఎత్తి నా చేతుల్లో పెట్టి, గుమ్మం దాకా వచ్చి గుసగుసలాడింది. "ఇంకా ఏటో పాడయ్యుందని సెప్పండి బాబూ. మీ కాళ్ళట్టుకుంతాను."

నేను వెనక్కి తిరిగి, "సన్యాసిరావు గారూ, థర్మోస్టాట్ కొంచెం తేడాగానే ఉందండీ! బాగుచేసి తెస్తాను," అన్నాను.

ఆయన పళ్ళెంలోని దుంప వంక చూశాడు. తర్వాత భార్య వంక చూశాడు. "అలాగే మేస్త్రీ. నిదానంగా సెయ్యి," అన్నాడు.

ఆ ఏడు వానలు పడకముందే ఆయన పోయాడు. ఓవెన్ కోసం ఆమె రాలేదు. నేనే పట్టుకెళితే వద్దని తలుపేసుకుంది. బాగున్న వస్తువు తెచ్చినవాళ్ళని కసరడం ఆనాటితో మానేశాను. ముందు ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడిగేవాణ్ణి.