అండమాన్ పెద్దమ్మ అరిసెలు

పెద్దమ్మ పోయింది. క్రిస్మస్ అయిన రెండ్రోజులకి, తిరువూరులో మా పుట్టింట్లో, కాఫీ గ్లాసు కింద పెట్టి "కాస్త ఆయాసంగా ఉందమ్మా" అందట. అంతే. నేను విస్సన్నపేట నుంచి ఆటోలో వస్తుంటే మా అమ్మ ఫోన్ చేసింది. "పెద్దమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందే." "ఏ పెద్దమ్మ?" అన్నాను. నాకున్నది ఆవిడొక్కతే. పొద్దున స్వెట్టర్ వేసుకోలేదని నాకు చీవాట్లు పెట్టిన మనిషి మధ్యాహ్నానికి లేదంటే ఎలా నమ్మను? ఈ ముక్క మీకు రాస్తూ కూడా నమ్మడం లేదు.

మాకు రక్తసంబంధం లేదు. మా ఆయన ఉద్యోగం కోసం అండమాన్ వెళ్ళినప్పుడు ఆవిడ మా పక్కిల్లు. పుట్టింది తిరువూరు దగ్గరే, పెనుగొలనులో. నాది తిరువూరు అనగానే "అయితే నువ్వు మా పిల్లవే" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

ఆ దీవిలో మొదటి క్రిస్మస్‌కి నేను ఏడ్చాను. చలి లేదు, మంచు లేదు, ఫ్యాను కింద కూర్చున్నా చెమట. పైగా వాన. గుమ్మానికి కట్టిన కాగితం స్టార్ తడిసి ముద్దయింది. పెద్దమ్మ వచ్చి చూసి నవ్వింది. "చలెయ్యకపోతే క్రిస్మస్ రాదటే? దుప్పటి కప్పుకొచ్చే పండగా అది?" వాళ్ళ స్టార్‌కి ప్లాస్టిక్ కవర్ తొడిగి ఉంది, వానలో కూడా దర్జాగా వెలుగుతోంది. మరుసటేడు నుంచి మాదీ అంతే.

అరిసెల పాకం కూడా అక్కడ మళ్ళీ నేర్చుకున్నాను. "ఈ సముద్రం గాలికి లేత పాకం ఆగదే, బూజు పడుతుంది. ఇంకాస్త ముదరనియ్" అనేది. నీళ్ళలో వేసిన పాకం ఉండ వేళ్ళకి గట్టిగా తగిలేదాకా దించనిచ్చేది కాదు. ఆ అరిసెలు వీధిలో తమిళం వాళ్ళకీ, బెంగాలీ వాళ్ళకీ పంచేది. పంచుతూనే "ఎన్ని చెప్పు, పండగంటే మన తిరువూరు వైపుదే" అని నిట్టూర్చేది.

అందుకే ఈ క్రిస్మస్‌కి ఆవిడని తిరువూరు వెంటబెట్టుకెళ్ళాను. మా అమ్మ వంటింట్లో ఆవిడ గరిటె ఎవరికీ ఇవ్వలేదు. అలవాటైన చెయ్యి, పాకం ముదురు పట్టేసింది. తిరువూరు పొడి చలిలో అరిసెలు రాళ్ళయ్యాయి. "అక్కా, వీటితో ప్రహరీ కట్టేద్దామా?" అంది మా పిన్ని. ఇల్లంతా నవ్వు. పెద్దమ్మా నవ్వింది. తర్వాత చూస్తే వరండాలో ఒక అరిసె చేత్తో పట్టుకుని కూర్చుని ఉంది.

"ఇక్కడి పాకం మర్చిపోయానే" అంది. ఆ మాటలో నవ్వు లేదు. కాసేపటికి, "ఇక మనింటికి పోదాం. మీ పెదనాన్న అక్కడొక్కడే ఉన్నాడు" అంది. పెదనాన్న సమాధి ఆ దీవిలోనే ఉంది. జనవరి మొదటి వారంలో టికెట్టు ఉందిగా అన్నాను. సరేనని తలూపింది.

భూస్థాపన పెనుగొలనులోనే చేశారు. దీవికి తీసుకెళ్దామని అడిగాను. "అంతదూరం ఎట్లాగమ్మా? పుట్టిన మట్టికే వచ్చింది, అదృష్టవంతురాలు" అన్నారు ఆవిడ చుట్టాలు. వాళ్ళు ప్రేమతోనే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆవిడ వెళ్ళాలనుకున్న చోటు అది కాదు. ఆ మాట ఎవరికి చెప్పాలో తెలియక గుప్పెడు మట్టి వేసి పక్కకి వచ్చేశాను.

దీవికి తిరిగొచ్చిన మర్నాడు పెదనాన్న ఉన్న సమాధుల తోటకి వెళ్ళాను. "పెద్దమ్మ రాలేదండి" అని పెదనాన్నకి పైకే చెప్పాను. ఆయన పక్కన ఆవిడ చర్చి వాళ్ళని అడిగి తనకోసం ఉంచుకున్న జాగా ఉంది. వానలకి గడ్డి మోకాలెత్తు పెరిగింది. చెప్పులు విప్పి కూర్చుని పీకడం మొదలుపెట్టాను. సన్నగా చినుకులు పడుతున్నా, ఆ జాగా అంతా శుభ్రమయ్యేదాకా లేవలేదు.