పిరికిదాని ఫోరెన్సిక్ చదువు

ఆ రోజుల్లో నాకు ధైర్యం ఎక్కువని మా పటాన్‌చెరు చుట్టాలందరూ నమ్మేవారు, ఒక్క నేను తప్ప. ఇంటర్ పరీక్షలయ్యాక ఫోన్లో నేర పరిశోధన సీరియళ్లు చూసి చూసి, ఫోరెన్సిక్ చదువుతానని ఇంట్లో ప్రకటించేశాను. అప్పటికి నేను బల్లి చచ్చి పడున్న గదిలోకి కూడా వెళ్లేదాన్ని కాదు. అమ్మ వద్దంటుందని, ఆ వంకతో గౌరవంగా తప్పుకోవచ్చని లోపల ఆశ. అమ్మ వద్దనలేదు. జిన్నారం దగ్గర మందుల కంపెనీలో పనిచేసే నాన్నయితే మర్నాడే ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్ల రంగుల పుస్తకం తెచ్చి, అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి స్పీకరు పెట్టాడు. "మూడేండ్ల ఫోరెన్సిక్ డిగ్రీ సార్. ఫస్టియర్లనే పాపను మార్చురీకి తీస్కపోతం. శుక్రవారం దాకనే సీటు ఆపుతం" అన్నాడు అవతలి మనిషి, అదేదో విహారయాత్ర అన్నట్టు. "మంచిగనే ఉంది కద బిడ్డా?" అన్నాడు నాన్న. తల ఊపాను. ఆ తర్వాత రెండు రోజులు అన్నం సహించలేదు.

మా చర్చికి వచ్చే ఒక అక్క నగరంలో ఫోరెన్సిక్ ల్యాబులో పనిచేసేది. (పిల్లలందరం చాటుగా ఆమెను 'శవాల అక్క' అనేవాళ్లం.) సీటు ఖాయం చేసేముందు ఆమెనొకసారి అడగమని అమ్మ పట్టుబట్టింది. అలా గురువారం ఉదయం, ఆ రంగుల పుస్తకం పట్టుకుని నాన్న స్కూటర్ మీద ల్యాబుకు వెళ్లాం. "నేను బండికాడ ఉంట, నువ్వు పోయి మాట్లాడుకో" అని నాన్న గేటు దగ్గరే ఆగిపోయాడు. లోపల అక్క పనిలో ఉందని నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇంతలో ఒక కానిస్టేబుల్, తెల్లగుడ్డలో చుట్టి లక్క సీళ్లు వేసిన మూటొకటి తెచ్చి నా పక్కన పెట్టాడు. "జెర పైలం పాపా, దాన్ని ముట్టకు" అని రెండడుగుల దూరంలో ఉన్న కిటికీ దగ్గర కాగితాలు నింపుతూ నిలబడ్డాడు. మూట గుండ్రంగా, సరిగ్గా మనిషి తలంత ఉంది. లేచి పారిపోదామని చూస్తే నా చున్నీ కొస దాని కింద చిక్కుకుంది. లాగితే మూట దొర్లుతుంది. చూస్తుండగానే గుడ్డ మీద తడి మరక పాకింది. లోపల్నుంచి సుయ్‌మని చిన్న చప్పుడు, పుల్లటి వాసన. కళ్లు మూసుకుని పరలోక ప్రార్థన మొదలుపెట్టాను. వణుకులో అది సగంలో దారి తప్పి భోజనం ముందు చేసే ప్రార్థనలోకి వెళ్లిపోయింది. ఆ తలకాయ పక్కన కూర్చుని, మా ముందున్న ఆహారానికి స్తోత్రాలు చెల్లించాను.

"ఏందే, గట్ల చెమటలు పట్టినయ్?" అన్న అక్క గొంతుకు కళ్లు తెరిచాను.

"అక్కా, తలకాయ. నా చున్నీ మీద."

కానిస్టేబుల్ వెనక్కి తిరిగి, "తలకాయ ఏంది పాపా, కల్లు కుండ. హత్నూర దిక్కు పట్టుకున్నం. మత్తుమందు కలిపిన్రని అనుమానం" అన్నాడు. ఆయనే వచ్చి మూట ఎత్తి నా చున్నీని విడిపించాడు. అక్క నవ్వలేదు. తన గదికి తీసుకెళ్లి మంచినీళ్లిచ్చింది.

"శవాల్ని కోసేది డాక్టర్లు. మా తాన్కి సీసాలొస్తయి. గా కల్లుల ఏం కలిసిందో చెప్పాల్నంటే ఏం రావాలె?"

"కెమిస్ట్రీ."

"మరి నువ్వు తెచ్చిన పుస్తకంల కెమిస్ట్రీ ఎంతుంది?"

వెతికాను. ఈతకొలనుకు రెండు పేజీలు, కెమిస్ట్రీకి ఒక వరుస.

"ముందుగాల ఉద్యోగాల ప్రకటన తీసి ఏ డిగ్రీ అడిగిన్రో చదువు. కాలేజీల ల్యాబుందా, చెప్పేటోళ్లున్నరా, నీ కండ్లతోటి సూడు. నన్నడిగితే సంగారెడ్డిల కెమిస్ట్రీతోటి బీఎస్సీ చెయ్, ఫోరెన్సిక్ పీజీల తీస్కో. నడుమ మనసు మారిందనుకో, పటాన్‌చెరుల మందుల కంపెనీలకు కొదవ లేదు."

"నాకు భయమైతది అక్కా" అన్నాను చివరికి.

"నాకు గూడ అయితది. శవమంటే కాదు. నేను తప్పు రాసిస్తె ఒకడు ఉత్తగనే జైలుకు పోతడు." ఆ మాట ఆమె చాలా మెల్లగా అంది. నిజమైన భయమంటే ఏమిటో నాకు కాస్త అర్థమైంది.

బయటికొచ్చి ఆ యూనివర్సిటీ వద్దని చెప్పగానే నాన్న బలంగా ఊపిరి వదిలాడు. "మార్చురీ మాట ఇన్నకాంచి నాకు నిద్ర లేదు బిడ్డా. నువ్వే అంత ధైర్యంగ ఉంటె, నేనెట్ల చెప్పాలె?" అన్నాడు. ఆయన ముఖం చూసి నా సంగతి కూడా చెప్పేశాను. ఇద్దరం స్కూటర్‌ను పట్టుకుని, గేటు కాపలా ఆయన అనుమానంగా చూసేదాకా నవ్వాం.

సంగారెడ్డిలో మూడేళ్లు చదివాను, పీజీ కూడా అయింది. ఇప్పుడు నేనూ అలాంటి ల్యాబులోనే ఉన్నాను. నిన్న ఒక రిపోర్టు మీద సంతకం పెట్టేముందు మూడుసార్లు చదివాను. నాలుగోసారి మొదలుపెడుతుంటే నాకే నవ్వొచ్చింది. నవ్వి, మళ్లీ మొదటి వరుస నుంచి చదివాను.