కంప వేసిన ఇంట్లో లైట్లు

నేను పదవీ విరమణ చేయడానికి ఏడు నెలల ముందు, శ్రావణ మాసం నాలుగో గురువారం, బళ్ళారి బ్రాంచి నుంచి మోక ఊరికి సర్వీస్ కాల్ మీద వెళ్ళాను. అప్పటికి నా హోదా సీనియర్ సర్వీస్ సూపర్‌వైజర్. ఇళ్ళలో లైట్లు, ఫ్యాన్లు, గేట్లు ఫోనుతో నడిచేలా అమర్చడం మా కంపెనీ వ్యాపారం. కాల్ షీటులో ఫిర్యాదు అన్న గడిలో, ఫోనెత్తిన అమ్మాయి రెండే ముక్కలు రాసింది: "ఇంట్లో ఎవరూ లేరు. సాయంత్రమైతే లైట్లు ఒకదాని వెనక ఒకటి వెలుగుతున్నాయి."

మా మేనేజరు ఆ షీటు చూసి, దయ్యాల వ్యవహారంలా ఉంది, పోయిన పని చూసుకుని రండి, గాలికి పోయే కంపను తగిలించుకోవద్దు అన్నాడు. నేను నవ్వాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో దయ్యాలని పిలిపించిన ఇళ్ళు ఏడెనిమిది చూశాను. అన్నిచోట్లా న్యూట్రల్ వైరు వదులై ఉండడమో, బల్లి పడి చచ్చి ఉండడమో తప్ప మరేం లేదు.

ఆ ఇంటికి లైటింగ్ అమర్చింది నేనే, రెండేళ్ళ ముందు. ఇంటి పెద్ద తిప్పేస్వామి. పొలాలున్నాయి, దోణిమలై వైపు నుంచి ఖనిజం తోలే లారీలున్నాయి. లారీలు చూసుకునేది కొడుకు ఎర్రిస్వామి. ఫోనుతో నడిచే లైట్లు కావాలని పట్టుబట్టింది కోడలు శైలజ. ఎమ్మిగనూరు పిల్ల, బి.కాం. చదివింది. ఇంట్లో ఈమెయిల్ ఉన్నది ఆమెకొక్కదానికే కాబట్టి ఖాతా ఆమె పేరు మీదే తెరిచాం. మా భాషలో ఆమె ఓనర్. మామా, మొగుడూ వట్టి వాడకందార్లు.

నేను చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. తలుపుకు తాళం ఉంది. తాళం మీద అడ్డంగా తుమ్మ కంప వేసి ఉంది. తిప్పేస్వామి ఐదు వారాల కింద, ఓ గురువారం సాయంత్రం, పెరటివైపు బాత్రూములో పడి చనిపోయాడట. పోయింది ధనిష్ఠా నక్షత్రంలో. ఆ నక్షత్రంలో మనిషి పోతే ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలని మనవాళ్ళ నమ్మకం. శవం లేచిన పూటే, శుక్రవారం మధ్యాహ్నానికి, అందరూ ఇల్లు వదిలి, అక్కడికి ఒక ఫర్లాంగు దూరంలో ఉన్న తోటింటికి మారిపోయారు. కర్మలన్నీ అక్కడే చేశారు. ఈ ఇంటి గడప ఆరు నెలలదాకా ఎవరూ దాటకూడదు, నేను కూడా.

లోపలికి పోకుండా లోపలి జబ్బు కనిపెట్టాలి. అలాంటి కాల్ నాకు అదొక్కటే.

జరుగుతున్నదేమిటో తోటింటి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది గంగమ్మ, తిప్పేస్వామి భార్య. "పొద్దు మునిగితే ఆయప్ప రూములో లైటు పడతాది సార్. ఆమీట వరండాలో. ఆమీట పెరట్లో. ఆయన యాడాడ తిరుగుతాండెనో ఆడాడే పడతాది. కరెంటాయన వచ్చి స్తంభం మీద ఫ్యూజు పీకిపాయె. అయినా పడె. ఆ కరెంటాయన మళ్ళా ఈ దిక్కు రాలే." గురువారాల్లో మాత్రం చివరికి ఇల్లంతా ఒక్కసారిగా భగ్గుమని, తెల్లారేదాకా ఆరదట.

అంతవరకు నేను తాపీగానే విన్నాను. ఆ తర్వాత చెప్పిన సంగతికి మాత్రం తల గోక్కోవలసి వచ్చింది. గంగమ్మ ఇంటి గేటుదాకా పోయి నిలబడితే లైట్లు అలాగే ఉంటాయి. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసినా ఉంటాయి. శైలజ వస్తే మాత్రం అన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి. ఆమె వెళ్ళిపోయిన కాసేపటికి మళ్ళీ వస్తాయి. మూడుసార్లు, నలుగురి కళ్ళ ముందు అలాగే జరిగింది.

ఊరు దానికి చెప్పుకున్న అర్థం వేరు. ముసలాయన పోయిన సాయంత్రం గంగమ్మ కంప్లిలో పెళ్ళికి పోయింది. ఎర్రిస్వామి సండూరులో లారీల దగ్గర ఉన్నానన్నాడు. ఇంట్లో ఉన్నది కోడలొక్కతే. ముసలాయన పడి పిలిచి ఉంటాడు, ఈమె పలికి ఉండదు, అందుకే ఆయన ఈమె మొహం చూడడం లేదు అన్నారు. పాపను ట్యూషన్ నుంచి తీసుకురావడానికి మోక బస్టాండుకు పోయానని, బస్సు ఆలస్యమైందని ఆమె చెప్పినా ఎవరూ నమ్మలేదు. నేను వెళ్ళిన మర్నాడు, శుక్రవారం, ఆమెను పుట్టింట్లో వదిలిపెట్టడానికి గంగమ్మ తమ్ముడు వన్నూరప్ప వచ్చి సిద్ధంగా ఉన్నాడు. ఆరేళ్ళ పాప మాత్రం ఇక్కడే ఉండాలని పెద్దలు తీర్మానం చేశారు. బ్రాంచికి ఫోను చేసింది శైలజే. నాతో ఆమె అన్నది ఒక్కటే మాట. "సార్, ఇది మిషన్ పనే అయితే ఈ పొద్దే చెప్పండి. రేపు చెప్తే నాకు పనికి రాదు."

నేను లాప్‌టాప్ తీసుకుని ఇంటి ముందు కట్ట మీద కూర్చున్నాను. ఇలాంటి ఇళ్ళలో ప్రతి స్విచ్ బోర్డు వెనకా అగ్గిపెట్టెంత రిలే ఉంటుంది. హాల్లో గేట్‌వే అనే పెట్టె ఉంటుంది. ఏ లైటు ఎన్ని గంటలకు వెలిగింది, ఫోనుతో వెలిగిందా చేత్తో వెలిగిందా, అంతా ఆ పెట్టె రాసుకుంటుంది. అది వాడే వైఫై కట్టదాకా అందుతుంది. అమర్చినవాడి పాస్‌వర్డు నా దగ్గర ఉంది. పావుగంటలో జబ్బు దొరికింది. సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఆ జబ్బు నాదే.

వెకేషన్ మోడ్ అని ఒకటుంది. ఇంటివాళ్ళ ఫోనులన్నీ వైఫై దాటి వెళ్ళిపోతే, ఇల్లు ఖాళీ అయిందని గేట్‌వే గుర్తిస్తుంది. దొంగలను మోసం చేయడానికి, అంతకుముందు ఏడు రోజులు లైట్లు ఎలా వెలిగాయో అలాగే, వారం వారం, నిమిషం తప్పకుండా మళ్ళీ వెలిగిస్తుంది. ఒక్క ఫోను తిరిగి వచ్చినా ఆపేస్తుంది. ఇల్లు అప్పగించేటప్పుడు దీన్ని ఇంటివాళ్ళకు నడిపి చూపించాలని మా చెక్‌లిస్టులో ఉంటుంది. ఆరోజు తిప్పేస్వామి, మా ఇంటికి తాళం పడేదే లేదప్పా, అది మాకేంటికి అన్నాడు. ఉమ్మడి ఇల్లు, నిజమే కదా అనుకున్నాను. చూపించకుండానే టిక్కు పెట్టేశాను. మోడ్ ఆన్‌లోనే ఉండిపోయింది.

ఫ్యూజు పీకినా లైట్లు వెలగడానికి కారణం మేడ మీది సోలారు పలకలు, మెట్ల కింది బ్యాటరీలు. గంగమ్మది బటన్ ఫోను, దానికి వైఫై లేదు. శైలజ ఫోను గేటు దగ్గరికి రాగానే వైఫై పట్టుకుంటుంది, మోడ్ ఆగిపోతుంది. ముసలాయన ఫోను కొడుకు ఆపేసి బీరువాలో పెట్టాడు. ఇల్లు ఖాళీ కాకముందు ఏడు రోజులంటే తిప్పేస్వామి బతికిన చివరి ఏడు రోజులు. గేట్‌వే వాటినే తిప్పి తిప్పి ఆడిస్తోంది.

ఇంతవరకు తెలిశాక నేను చేయవలసింది మోడ్ ఆపేసి, షీటు మీద సంతకం తీసుకుని బళ్ళారి బస్సు ఎక్కడం. కానీ మోడ్ ఆపేస్తే శైలజ మాటకు రుజువు ఉండదు. పైగా పనిమంతుడినన్న గర్వం ఒకటి నాకు ఎప్పుడూ ఉండేది. అందరినీ ఫోనులు తోటింట్లోనే వదిలేసి గేటు దగ్గరికి రమ్మన్నాను. ఎర్రిస్వామి, సుమ్నె, ఊరికే ఎందుకు సార్ ఇదంతా, ఆపేయండి చాలు అన్నాడు. ఈ ఐదు వారాల్లో అతను గేటు దిక్కు ఒక్కసారి కూడా రాలేదని గంగమ్మ దెప్పింది. వచ్చాడు.

ఆరూ ముప్పై ఐదుకు, తాళం వేసిన ఇంట్లో టక్కుమని రిలే చప్పుడు వినబడింది. తిప్పేస్వామి గది కిటికీ పసుప్పచ్చగా వెలిగింది. కారణం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా ఉన్నపాటున లేచి నిలబడ్డాను. ఆరు నిమిషాల తర్వాత వరండా. ఇంకో నిమిషానికి పెరటి బాత్రూము వెంటిలేటరు. గది నుంచి బాత్రూముదాకా ముసలి మనిషికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతే పట్టింది. మోకాలి నొప్పితో కుంటుతూ నడిచే మనిషి వేగం అది.

శైలజ గేటు పట్టుకుని నిలబడే ఉంది. లైటు ఒక్కటీ ఆరలేదు. వన్నూరప్ప, "ఆరలేదే!" అని తనలో తాను అనుకున్నట్టు పైకే అన్నాడు. నేను మోడ్ సంగతి విడమరిచి చెప్పాను. వాళ్ళు చూస్తున్నది ముసలాయనను కాదని, ఆయన చివరి గురువారం లైట్లని చెప్పాను. గంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఆ వెంటిలేటరు కేసి చూసింది. తర్వాత నా వైపు తిరిగి అడిగింది. "అట్లయితే ఆ పొద్దు ఈమె యాడుండెనో గూడ రాసుకోనుంటాదా అప్పా?"

రాసుకుని ఉంటుందన్నాను. పైనుంచి కిందికి చదవడం మొదలుపెట్టాను. ముందు నేనొక్కణ్ణే చదువుకుని ఉండవలసింది, చదువుకోలేదు. ఆరూ ఇరవై, శైలజ ఫోను బయటికి. ఆరూ ముప్పై ఐదు, గది. నలభై ఒకటి, వరండా. నలభై రెండు, బాత్రూము. శైలజ కళ్ళు మూసుకుంది. ఆమె చెప్పింది నిజమని తేలిపోయింది. అక్కడే ఆగి ఉంటే బాగుండేది. నా నోరు తర్వాతి వరుసలోకి వెళ్ళిపోయింది. ఆరూ యాభై ఐదు, ఎర్రిస్వామి ఫోను లోపలికి. ఆరూ యాభై ఆరు, హాలు లైటు, చేత్తో.

ఆ మాట నా నోట్లో ఉండగానే లోపల టక్కుమంది. హాలు కిటికీ వెలిగింది.

ఏడు నిమిషాలు హాలు లైటు అలాగే ఉంది. పెరట్లో బాత్రూము లైటూ అలాగే ఉంది. ఏడూ మూడుకు హాలు ఆరిపోయింది. ఏడూ నాలుగుకు ఎర్రిస్వామి ఫోను బయటికి పోయినట్టు తెర మీద ఉంది. అది నేను పైకి చదవలేదు. చదవవలసిన పని లేకపోయింది.

గంగమ్మ కొడుకు మొహంలోకి చూసి, "పిలిచినాడా?" అని అడిగింది.

అతను కంప వేసిన తలుపు కేసి చూస్తూ చెప్పాడు. "లారీ కాగితాలకు వచ్చింటినమ్మా. పిలిచినాడు. ఎప్పుడూ పిలుస్తానే ఉంటాడు గదా అనుకుంటి."

అంతే చెప్పాడు. ఐదు వారాలు పెళ్ళాం మీద పడిన నింద గురించి ఒక్క ముక్క అనలేదు. అతని మీద నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

నేను మోడ్ ఆపేస్తానని లాప్‌టాప్ మీదికి వంగాను. గంగమ్మ వద్దంది. "ఉండనీ అప్పా, అయిపోనీ." కట్ట మీద కూర్చుంది. వన్నూరప్ప కూడా కూర్చున్నాడు. ఆ వెంటిలేటరు వెలుగును చూస్తూ దాదాపు అరగంట అలాగే ఉన్నాం. లోపల ఎవరూ లేరని మాకందరికీ తెలుసు. అయినా ఒక్కరూ గొంతు పెంచి మాట్లాడలేదు. ఎవరైనా పిలిస్తే వినబడాలన్నట్టు కూర్చున్నాం. నా ఉద్యోగంలో అంత పొడుగాటి అరగంట మరొకటి లేదు.

ఏడున్నరకు వరండా, పెరడు, హాలు, మెట్లు, మేడ గదులు, అన్నీ ఒక్క క్షణంలో భగ్గుమన్నాయి. నేను ఉలిక్కిపడ్డాను.

"అది నేను," అంది శైలజ. "అప్పుడు వచ్చి మామను చూసి అన్ని లైట్లూ వేసినా."

తర్వాత ఎర్రిస్వామి నన్ను పక్కకు పిలిచి, ఆ రాతంతా చెరిపేయమని అడిగాడు. గేట్‌వే లాగ్ చెరపాలంటే ఓనర్ ఒప్పుకోవాలి, అది కంపెనీ నియమం, ఓనర్ మీరు కాదు అన్నాను. షీటు శైలజకు ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివి సంతకం చేసింది. "ఆ మోడ్ ఆపేయండి సార్. రాసింది మాత్రం ఉండనీ." ఆమె అన్నట్టే చేశాను. ఇల్లు చీకటైంది. మర్నాడు ఆమె ఎమ్మిగనూరు వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. ఎవరూ పంపలేదు, తానే వెళ్ళింది. పాపను వెంట తీసుకునే వెళ్ళింది. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. అడగడం నా పని కాదు.

ఆ కాల్ తర్వాత మిగిలిన ఏడు నెలలు నేను రెండు పనులు తప్పకుండా చేశాను. ఇల్లు అప్పగించేటప్పుడు, ఈ పెట్టె లైట్లు వెలిగించడమే కాదు, ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు పోయారో కూడా రాసుకుంటుందని ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. కొందరు అది తీసేయమన్నారు, తీసేశాను. రెండోది, ఏ లాగ్ అయినా నలుగురి ముందు విప్పేముందు చివరిదాకా ఒక్కణ్ణే చదువుకున్నాను. శైలజకు కావలసింది ఆరూ ఇరవై దగ్గర ఉన్న ఒక్క వరుస. మిగతావి ఎవరూ నన్ను అడగలేదు.