గ్రహశకలం మీద గుంటలు, అడ్మిన్ గారి బండరాళ్లు

ఈ సాయంత్రం నన్ను మా ఖగోళం గ్రూపులోంచి తీసేశారు. గుంటలను గుంటలన్నందుకు.

వ్యోమనౌక తీసిన గ్రహశకలం ఫొటోల్లో బండరాళ్లు గుర్తుపట్టి, ఆ జాబితాను అందరి పేర్లతో శాస్త్రవేత్తలకు పంపడం మా గ్రూపు సరదా. అడ్మిన్ నెల్లూరులో రిటైరైన లెక్చరర్. ఈసారి ఆయన ఫొటోను చూసుకోకుండా తలకిందులుగా పెట్టి, రాళ్లంటూ నలభై చోట్ల ఎర్ర సున్నాలు చుట్టారు. వెలుగు కింది నుంచి పడుతున్నట్టుంటే మన కంటికి గుంటలు కూడా ఉబ్బెత్తుగానే కనిపిస్తాయి. నేను ఫొటోను తిన్నగా తిప్పి పెట్టి, "సార్, ఎండ ఏ పక్కనుంచి పడతా ఉందో చూడండి. ఇవన్నీ గుంటలు" అని రాశాను.

ఆయన వాయిస్ మెసేజ్ పెట్టారు. "మీ అల్లూరులో రొయ్యల గుంటలు చూసి చూసి, నీకు ఆకాశంలో కూడా అవే కనబడతా ఉండాయమ్మా."

అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. ఫొటో తెరిచి చూసినవాళ్లు ఒక్కరూ లేరు.

"ఒక్కసారి ఫోను తిప్పి చూడండి సార్" అన్నాను. నన్ను తీసేయడం ఆయనకు అంతకన్నా సులువైంది.

జాబితా రేపు పొద్దున వెళ్తుందట. గ్రూపులో నేను లేను గానీ, ఆ తప్పుల కింద నా పేరు భద్రంగా ఉంది. దాన్ని కూడా తీసేయమని ఆయనకు ఎవరైనా చెప్తారా?