సెయింట్ ఆంథోనీ మంటతో రాసిన సెలవు చీటీ

ఒక హెడ్మాస్టరు చెప్పులు వీధిలో విడిచి, చేతులు జోడించి, నన్ను "తల్లీ" అని పిలిచారంటే మీరు నమ్మరు. ఆ వైభవం పావుగంట సాగింది. దాని వెనకాల వచ్చిన భంగపాటు గురించే ఈ కథ. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మాది గరివిడి. పాతపట్నంలో అక్క ఇంట్లో ఉంటూ ఒక ప్రైవేటు స్కూల్లో ఆరో తరగతికి ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. పదో తరగతి ఇంగ్లీషు మేస్టారు మానేశారు. ఆ క్లాసు ఎవరికిచ్చేదీ సోమవారం చెబుతానన్నారు హెడ్మాస్టరు. అది నాకు రావాలని నేను తిండి కూడా సరిగ్గా తినడం లేదు.

ఆదివారం మాత్రం తిన్నాను. బావ జీడితోటలో పిక్కలు కాలుస్తున్నాడు. "ఒరే, సరిగ్గా కాలనివి పళ్ళతో కొరక్కు. సొన ఉంటాది, మూతి కాలిపోతాది," అన్నాడు. బావ మాట విన్న బావమరిది ఈ జిల్లాలో ఉన్నాడా? పది కొరికాను.

తెల్లారేసరికి మూతి చుట్టూ ఎర్రగా పొంగి బొబ్బలెక్కింది. పిక్కలు పట్టుకున్న రెండు వేళ్ళూ నల్లగా కమిలిపోయాయి.

"జీడి తిన్నానని రాసి సెలవడుగు," అంది అక్క.

ఎలా రాయను? పాతపట్నంలో పాలు తాగే పిల్లకి కూడా జీడిసొన సంగతి తెలుసు. అది తెలీనివాడికి పదో తరగతి ఇస్తారా?

అప్పుడు గుర్తొచ్చింది, తాతయ్య పెట్టెలో దొరికిన అట్టలేని ఇంగ్లీషు వైద్యం పుస్తకం. అది తెరిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మనం దద్దుర్లని గోక్కుని ఊరుకునేదాన్ని పాతకాలం దొరలు నెటిల్ రాష్ అన్నారు. తామరకి టెటర్. బొబ్బలకి బ్లెయిన్స్. రాచకురుపుని కార్బంకుల్ అన్నారు. అది కెంపుకి కూడా పేరట. వీపు మీద లేచిన కురుపుకి కెంపు పేరు పెట్టారంటే వాళ్ళకి ఎంత గుండె ఉండాలి? ఇక చర్మం ఎర్రగా మండిపోతే అది సెయింట్ ఆంథోనీస్ ఫైర్. ఒక మహాత్ముడి పేరు మీద ఒక మంట. ఆ మాట చదివి నేను కాసేపు కదల్లేకపోయాను.

కదిలాక ఇంగ్లీషులో సెలవు చీటీ రాశాను. దాని భావం ఇది: "అయ్యా, నిన్నటి రోజున నా ముఖమున సెయింట్ ఆంథోనీస్ ఫైర్ వెలసినది. బ్లెయిన్లు, టెటర్లు పరివారంగా విచ్చేసినవి. మూడు దినములు కరుణించగలరు." ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాను.

పది గంటలకి హెడ్మాస్టరు వచ్చేశారు. చేతిలో వేపకొమ్మ. వెనకాల మా స్కూల్లో వంట చేసే పైడమ్మ, చలివిడి పళ్ళెంతో.

"నీ చీటీ సదివినాను బాబూ," అన్నారాయన గొంతు తగ్గించి. "ఎర్రగా వెలిసిందన్నావు, పరివారంతో వచ్చిందన్నావు. ఆ తల్లి పేరు మాత్రం ఒక్క సోటా ఎత్తలేదు. ఎంత భక్తిగా దాటేశావయ్యా."

మా వైపు ఆటలమ్మ పోస్తే రోగం అనరు. తల్లి వచ్చిందంటారు, పేరెత్తరు. వచ్చిన మనిషినే తల్లీ అని పిలిచి దణ్ణం పెడతారు. నా పాండిత్యం ఆయనకి భక్తిలా కనిపించింది.

అప్పుడే నిజం చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఈలోగా ఆయన చేతులు జోడించేశారు.

"పదో తరగతి నీకే అనుకున్నాను తల్లీ. మా పిల్లల్ని సల్లగా సూడు."

నేను చెయ్యెత్తి ఆశీర్వదించాను.

పైడమ్మ పళ్ళెం కింద పెట్టి నా మూతి చూసింది, వేళ్ళు చూసింది. "ఏటి బాబూ, తల్లి మూతికీ రెండు వేళ్ళకీ వచ్చి ఆగిపోనాదేటి? సొక్కా ఎత్తు."

ఎత్తాను. పొట్ట శుభ్రంగా ఉంది.

"పలాసలో పదేళ్ళు జీడిపిక్కలు కొట్టినాను. ఇది సొన. పళ్ళతో కొరికినావా?"

"పది," అన్నాను.

ఒక్క చూపు. అంతే. అట్టలేని పుస్తకంలో దొరలంతా కలిసి చెప్పలేనిది ఆవిడ నిలబడి చెప్పేసింది. అంత సిగ్గులోనూ ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది.

హెడ్మాస్టరు వేపకొమ్మని గోడకి ఆనించారు.

"మరి నన్నెలా దీవించావయ్యా?"

పదో తరగతి పోయిందనే అనుకున్నాను. ఆయన గుమ్మం దాకా వెళ్ళి తిరిగారు.

"క్లాసు నీకే ఇస్తాను. ఇంత ఇంగ్లీషు ఇంకెవడికీ రాదు. కానీ మొదటి పాఠం నేను సెప్పిందే సెప్పాలి. ఈరోజు జరిగిందంతా, ఆరో తరగతోడికి అర్థమయ్యే ఇంగ్లీషులో. నేనూ, పైడమ్మా ఎనక బెంచీలో కూర్చుంటాం."

కూర్చున్నారు. నేను చెప్పాను. తెలుగులోకి అనువదించమని ఒక్కరూ అడగలేదు, అందరికీ మొదటి వాక్యంలోనే అర్థమైపోయింది. నవ్వు ఆగాక పైడమ్మ, "ఇంకోసారి సెప్పు బాబూ," అంది.

కాబట్టి పాఠకులారా, మీ ఎదుట ఒట్టు వేస్తున్నాను. ఇక నా ఒంటి మీద ఏది లేచినా, ఎంత గొప్ప మాట నాలిక చివర ఉన్నా, పైడమ్మ చూసి పేరు చెప్పాకే కలం పడతాను. ఎవరైనా నాకు "తల్లీ" అని దణ్ణం పెడితే, దీవించే ముందు చొక్కా ఎత్తి పొట్ట చూపిస్తాను.