కోచ్ గ్లవ్

అల్మారా పైఅరలోంచి తోలు గ్లవ్ దించగానే పాత నూనె, చెమట, ఇసుక దుమ్ము కలిసిన వాసన గుప్పున కొట్టింది; దాంతోపాటే ముప్పై ఏళ్ల నాటి రోత కూడా.

దోహాలో మా కాంపౌండ్‌లో ఉగాది దగ్గరపడే శుక్రవారాలంటే, ఎండ ముదరకముందే గోడ పక్క ఇసుక నేలలో పిల్లల కేకలు, వంటింటి కిటికీల్లోంచి పులిహోర పోపు ఘుమఘుమ, మెట్ల మీద కూర్చుని మోకాలికి మందు రాసుకునే కోచ్. ఆయన పుట్టింది క్యూబాలో. బేస్‌బాల్‌లో బంతిని స్టేడియం దాటించే మొనగాడై, పడవెక్కి దేశం వదిలి, అమెరికాలో, మెక్సికోలో జీతానికి ఆడి, మోకాలు చెడ్డాక మా స్కూల్లో ఆటల మాస్టారుగా తేలాడు. "ఆడపిల్లవి, అవతల కూర్చో" అని అంకుల్సు తరిమేసే నాకు ఈ గ్లవ్ తొడిగి, బంతి పట్టడం నేర్పింది ఆయనొక్కడే.

ఆ ఏడు తెలుగువాళ్ల క్రికెట్ ఫైనల్‌కి మావాళ్లకో దివ్యమైన ఆలోచన వచ్చింది: సిక్సర్లు కొట్టడమేగా, కోచ్‌ని దింపుదాం! కమిటీ పెద్ద, కరీంనగర్ అంకుల్, వారం రోజులు "సార్, సార్" అంటూ ఆయన చుట్టూ తిరిగాడు. రూల్స్ చెప్పాలన్న ఇంగితం మాత్రం ఒక్కడికీ లేకపోయింది.

మొదటి బంతినే కోచ్ లాగి కొట్టి, బేస్‌బాల్‌లో జీవితమంతా చేసినట్టే బ్యాట్ వెనక్కి విసిరేసి పరుగందుకున్నాడు. ఆ బ్యాట్ వెళ్లి వికెట్లను పడగొట్టింది. ఔట్!

"గీ ముసలోణ్ని ఎవడు తెచ్చిండ్రా? యల్లా, జల్ది బయటికి పంపుండ్రి!" అని తెచ్చినవాడే అరిచాడు. ఛీ! మా నాన్న, కాకినాడ మర్యాదస్థుడు, "పోనీలెండి, మనోడు కాదుగా" అన్నాడు. బిర్యానీ పొట్లాలు పంచుతూ కోచ్‌ని దాటుకునే పోయారు.

ఆయన కుంటుతూ నా దగ్గరికొచ్చి, "నేనేం తప్పు చేశాను?" అని ఇంగ్లిషులో అడిగాడు. నాకు తెలుసు. ఒక్క ముక్కలో చెప్పేదాన్నే. కానీ అంకుల్సు నన్ను స్కోరు బల్ల దగ్గర కూర్చోబెట్టింది ఆ రోజే మొదటిసారి. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను, ఆయన మొహం మీదే.

నా దగ్గరే ఉండిపోయిన గ్లవ్ తిరిగివ్వడానికి మొహం చెల్లలేదు. వేసవి సెలవులకి ఇండియా వెళ్లొచ్చేసరికి ఆయన గది ఖాళీ.

ఆ ఇసుక నేల ఇప్పుడు కార్ పార్కింగ్. ఆ మెట్లూ లేవు. కరీంనగర్ అంకుల్‌ని తలుచుకుంటే నాకింకా డోకొస్తుంది. ఉగాది సంబరాల్లో ఎదురుపడితే మాత్రం చేతులు జోడిస్తాను.

నా కూతురు గ్లవ్ లాక్కుని చేతికి తొడుక్కుని, "ఎవరిదమ్మా ఇది?" అంది.

"నా ఫ్రెండ్‌ది" అన్నాను, సిగ్గులేకుండా.