పెళ్ళి సీడీలో బొమ్మ రాలేదు

మా అమ్మాయికి ముప్పై నాలుగో ఏట పెళ్ళయిందంటే నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు, అంత సంతోషం! ఆ సంతోషంలోనే వీడియో స్టూడియో అతనికి చెప్పాను, సినిమా పాటలు కలపవద్దు, మనవాళ్ళ మాటలే ఉండనీ అని. అతను కంప్యూటర్లో ఎక్కించి చేసిన సీడీ ఈ రోజు చేతికొచ్చింది. కొత్త పెళ్ళికూతుళ్ళు ఆషాఢానికి పుట్టింటికి వచ్చినట్టే, అమ్మాయి ఆడి మాసానికి మా ఇంట్లోనే ఉంది. అల్లుడూ చూసిపోదామని వచ్చాడు. పెరంబూరులోని బంధువులందరినీ పిలిచి కూర్చోబెట్టాను.

సీడీ పెడితే మేళం బ్రహ్మాండంగా వినబడింది, టీవీలో బొమ్మ మాత్రం లేదు. అల్లుడు టీవీ వెనక దూరి వైర్లు పీకి పెడుతున్నాడు. మేమంతా నల్లటి తెర చూస్తూ వింటున్నాం. మేళం ఆగి భోజనాల సందడి మొదలైంది. అందులో మా చెల్లెలి గొంతు:

“ఆడి మాసానికి పుట్టింటికి వస్తాది కదా, మళ్ళా మొగుడి దగ్గరికి పోదు చూడు. ఈ వయసులో వాడితో సర్దుకుంటాదా!”

చెల్లెలు నా పక్కనే కూర్చుని ఉంది. “అది నేను కాదన్నా! ఎవురో నా గొంతు మాదిరి మాట్లాడినారు” అంది.

అప్పుడే పసుపు వైరు సరిగ్గా తగిలి బొమ్మ వచ్చింది. పంక్తిలో, చేతిలో అప్పడంతో, ఇంకా మాట్లాడుతూ మా చెల్లెలే.

అందరూ నవ్వారు. నా బిడ్డ నవ్వలేదు, లేచి వంటింట్లోకి పోయింది. అల్లుడు టీవీ వెనక నుంచి బయటికి రావడానికి చాలాసేపు పట్టింది.

పోతూ పోతూ మా చెల్లెలు తనకూ ఒక సీడీ కావాలంది. ఇవ్వమంటారా? మీరే చెప్పండి.